సగం చెప్పిన సామెత

మంచి కోటు తొడుక్కుని వచ్చి, గుమ్మంలో నిలబడి, కాసిని నీళ్ళు అడిగే ఆడమనిషికి దాహం ఉండదు. జావోపో ఊళ్ళో ఆ సంగతి అందరికీ తెలుసు. రేగుపళ్ళు రాలగొట్టి ఎండబెట్టే రోజుల్లో అలాంటి ఆడవాళ్ళు నది దాటి వస్తారు. ఫలానా ఇంటి పెళ్ళికొడుకు ఎలాంటివాడో పక్కింట్లో వాకబు చేయడానికి వస్తారు. వాళ్ళ పేరు ఎవరూ అడగరు, వాళ్ళూ చెప్పరు. నీళ్ళు తాగుతారు, పంట ఎలా ఉందంటారు, చలి ముందే వచ్చేట్టుందంటారు. చివరికి ఏదో గుర్తొచ్చినట్టు పక్కింటి గోడ వైపు చూస్తారు.

స్వేలాన్ వాకిట్లో చాప మీద కూర్చుని పుచ్చు పళ్ళు ఏరేస్తుంటే అలాంటావిడ ఒకతె వచ్చింది. నీలం కోటు, కొత్త గుడ్డ బూట్లు. పడవలోని బురద బూట్ల అంచుకి ఇంకా తడిగానే ఉంది.

"అక్కా, కాసిని నీళ్ళు ఇస్తావా?"

స్వేలాన్ లోపలికి వెళ్ళి వేడినీళ్ళు పోసుకొచ్చింది. లోలోపల ఆమెకు సంతోషంగానే ఉంది. ఈవిడ వచ్చింది గెన్‌వాంగ్ కోసమే. పక్కింట్లో పెళ్ళికావలసినవాడు అతనొక్కడే. తల్లీ తండ్రీ లేనివాడు. ముప్ఫై దగ్గరపడుతున్నా, ఒంటరి కొంపలో వంట చేసుకుంటూ రాళ్ళ పనికి పోయి వస్తుంటాడు. కొండ కింది బావి నుంచి తన కావడితో పాటు స్వేలాన్ కావడి కూడా అతనే మోస్తాడు.

"పక్కింట్లో ఎవరో కుర్రాడు ఉంటాడటగా?" అంది వచ్చినావిడ, ఆవిరి ఊదుకుంటూ.

"ఉంటాడు. గెన్‌వాంగ్ అని."

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. పెళ్ళికొడుకు మంచివాడైతే పొరుగువాళ్ళు నోరారా పొగుడుతారు. కాకపోతే చెడ్డగా ఒక్క ముక్క అనరు. పది గుళ్ళైనా కూల్చు గాని ఒక్క పెళ్ళి చెడగొట్టకు అని పెద్దవాళ్ళు చెప్పి పోయిన ఊరది. అందుకని చెడు చెప్పక తప్పనప్పుడు ఏదో ఒక పాత సామెత అంటారు. అదీ సగమే. మిగతా సగం వచ్చినావిడ తనే పూర్తి చేసుకుని, గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోతుంది. సామెత తాతలది, పూర్తి చేసిన నోరు ఆవిడది. చెప్పినవాళ్ళకు పాపం అంటదని నమ్మకం.

"బంగారం లాంటి పిల్లాడమ్మా" అనే మాట స్వేలాన్ నాలుక చివర ఉంది. అంతలో ఆవిడ, "మా అన్నకు ఒక్కతే కూతురు. ఆయనకు కాళ్ళు పడిపోయాయి. అల్లుడే మా ఇంటికి రావాలి. ఇల్లరికానికి ఈ అబ్బాయి సరేనన్నాడని పెళ్ళిళ్ళ పేరమ్మ చెప్పింది," అంది.

సరేనన్నాడా? స్వేలాన్ చేతిలోని పండు జారింది. నిన్న సాయంత్రం కూడా గోడ మీద కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పాడు. ఈ మాట మాత్రం అనలేదు.

ఆమె బతుకులో వెళ్ళినవాళ్ళంతా ఆ రేవు నుంచే వెళ్ళారు. మొగుడు బొగ్గు గనిలో పనికని పడవెక్కాడు. కబురొచ్చింది గాని మనిషి రాలేదు. కూతురు పెళ్ళికూతురై, తలమీద ఎర్రగుడ్డతో పడవెక్కింది. ఇప్పుడు ఏడాదికోసారి పిల్లల ఫొటో పంపుతుంది. ఎవరైనా బయల్దేరుతున్నారంటే చాలు, స్వేలాన్ చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వస్తుంది. సంతకు వెళ్ళేవాళ్ళను కూడా మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడుతుంది. ఈ ఒక్కడూ పోడనుకుంది. గోడ అవతల దగ్గు వినిపిస్తే చాలనుకుని పడుకుంటోంది ఇన్నాళ్ళూ.

"ఎలాంటివాడక్కా?" అంది నీలం కోటు ఆవిడ.

స్వేలాన్ తల వంచుకుని పళ్ళలో చెయ్యి పెట్టింది.

"పులిని గీసేవాడు తోలు గీస్తాడు గాని, ఎముక గీయలేడు," అంది.

వచ్చినావిడ గ్లాసు మెల్లగా చాప పక్కన పెట్టింది.

"మనిషిని చూస్తే మొహం తెలుస్తుంది గాని, మనసు తెలియదు," అని గొంతు తగ్గించి పూర్తి చేసింది. తర్వాత స్వేలాన్ చెయ్యి పట్టుకుని, "మా పిల్లను బతికించావక్కా," అంది.

ఆవిడ వెళుతుంటే స్వేలాన్ తలెత్తలేదు. మలుపు దాకా చూడకుండా ఒక మనిషిని పంపించడం ఆమెకు అదే మొదలు.

*

వారం తిరక్కుండా పెళ్ళిళ్ళ పేరమ్మ హావో వచ్చి, గెన్‌వాంగ్ పిల్లవాళ్ళకు పంపిన గుడ్డా సారా సీసాలూ అతని గుమ్మంలో పెట్టింది. కారణం చెప్పలేదు. జాతకాలు కుదరలేదంది. అబద్ధం చెప్పేటప్పుడు ఆవిడ మోచెయ్యి గోక్కుంటుందని ఊరంతా ఎరుగుదురు. ఆవేళ తెగ గోక్కుంది.

సాయంత్రం గెన్‌వాంగ్ నీళ్ళ కావడి దించి, ఎప్పటిలాగే గోడెక్కి కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నా మొహం మరీ అంత అధ్వాన్నంగా ఉందా?"

ఇంకో రోజైతే "గాడిద చూస్తే సిగ్గుపడేంత అందం నీది" అనేది. ఇప్పుడు మాత్రం, "అన్నం తిన్నావా?" అంది.

"ఏం తింటాను? సంగతి నీకు ముందే చెప్పుండాల్సింది. కుదిరాక చెబుదామనుకున్నా. కుదరకపోతే నవ్వులపాలని." కాసేపు కాళ్ళు ఊపాడు. "వాకబుకి వచ్చారట పెద్దమ్మా. హావో నోరు జారింది. ఎవరో ఏదో అన్నారు."

"ఎవరో ఏంటో... వదిలెయ్యరా."

"నీ దగ్గరికి వచ్చుంటే బాగుండేది. నువ్వొక్కదానివైనా నాలుగు మంచి మాటలు చెప్పేదానివి." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "నాకు తెలుసులే. ఆ పిండిమర లూ గాడే అనుంటాడు. మొన్న వాడి గోడకి రాళ్ళు పేర్చనన్నానని కడుపులో పెట్టుకున్నాడు."

"లూ అలాంటివాడు కాదేమో..."

"నీకు మనుషులు తెలియదు పెద్దమ్మా. నువ్వు అందర్నీ మంచివాళ్ళే అనుకుంటావు."

ఆమె లోపలికి వెళ్ళి పడుకునే ఇటుక అరుగు మీద కూర్చుంది. వంట కోసం రాజేసిన పొయ్యి వేడి కిందుగా పారి అరుగు వెచ్చగానే ఉంది. అయినా దుప్పటి కప్పుకుంది. నేను అబద్ధం చెప్పలేదు, అనుకుంది. తాతల మాట చెప్పాను. అదీ సగమే. పూర్తి చేసింది ఆవిడ. ఇలా ఎన్నిసార్లు అనుకున్నా, పూర్తి చేసిన నోరు తనదే అయినట్టు ఆ రెండో సగం చెవిలో తన గొంతుతోనే వినిపించింది.

*

చెడ్డమాట ఒకటి పుడితే దానికి పిల్లలు పుట్టడం ఎంతసేపు? కళ్ళంలో పళ్ళు తిరగేస్తూ ఆడవాళ్ళు మొదలుపెట్టారు.

"గాలి లేనిదే అల లేవదే వదినా. ఏదో లేకుండా ఎందుకు తిప్పి పంపుతారు?" అంది ఒకతె.

"అదే నేనూ అంటున్నా. అంత నెమ్మదస్తుడికి ముప్ఫయ్యేళ్ళ దాకా పెళ్ళి కాలేదంటే? కరిచే కుక్క పళ్ళు చూపించదు."

"మగాడి మనసుకీ మన చూపుకీ మధ్య పొట్ట చర్మం అడ్డం. నా మొగుడు పెళ్ళికి ముందు ఎలా ఉన్నాడు? గొర్రెపిల్ల! ఇప్పుడు చూడు."

"ఇప్పుడూ గొర్రెపిల్లేగా, నువ్వే తోడేలువి!"

గొల్లున నవ్వారు. "కొండలు కదిలినా పుట్టుబుద్ధి కదలదంటారు," అని ఇంకొకతె అందుకుంది. "వాళ్ళ నాన్న కూడా పైకి అలాగే ఉండేవాడట."

గెన్‌వాంగ్ తండ్రి పైకీ లోపలా ఒకేలా ఉండేవాడు. వరదలో ఊరివాళ్ళ గొర్రెల్ని ఒడ్డుకి చేరుస్తూ పోయాడు. ఆ సంగతి ఈ ఆడవాళ్ళలో పెద్దవాళ్ళకు తెలుసు. అయినా ఎవరూ అడ్డం చెప్పలేదు. సామెత వస్తే అందరూ తలాడిస్తారు. సామెతతో ఎవరు దెబ్బలాడతారు?

"ఏమంటావు స్వేలానక్కా? పక్కింటిదానివి, నీకే తెలియాలి," అన్నారు.

చెప్పాల్సిన చోటు అదే. ఆమె, "ఎండ తగ్గుతోంది, తొందరగా తిరగెయ్యండి," అని మాత్రం అంది. మాట దాటేసిందంటే ఏదో ఉందని అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. స్వేలాన్‌కు ఆ చూపులు కనిపించాయి. మళ్ళీ సగం చెప్పాను, అనుకుంది. ఈసారి సామెత కూడా అక్కర్లేకపోయింది.

ఆ మర్నాడే మర దగ్గర గొడవైంది. ఆమె జొన్నలు ఆడించుకుని సంచి మూతి కట్టుకుంటోంది. గెన్‌వాంగ్ వచ్చాడు. ఎప్పుడూ గొంతెత్తనివాడు లూ చొక్కా పట్టుకున్నాడు.

"నా బతుకుమీద మన్ను పోశావు కదరా!"

"నేనేమీ అనలేదురా! మా దగ్గరికి ఎవరూ రాలేదు. చచ్చిపోయిన మా అమ్మ మీద ఒట్టు!"

"చచ్చినవాళ్ళ మీద ఒట్టు అందరూ వేస్తారు!"

లూ భార్య అడ్డం వచ్చింది. గెన్‌వాంగ్ చెయ్యి తగిలి ఆవిడ పిండి గంప మీద పడింది. తెల్లటి పిండిలోంచి లేచి, జనం వంక చూసి ఏడుస్తూ లోపలికి పోయింది. ఆ వారమంతా సగం ఊరు జొన్నలు పట్టుకుని పక్క ఊరి మరకు పోయింది. కాదన్నవాడే అన్నవాడని ఊరి నమ్మకం.

స్వేలాన్ కట్టుకున్న సంచి ఇంట్లో అరుగు పక్కనే పడి ఉంది. ఆ పిండితో రొట్టె చేసుకోబుద్ధి పుట్టలేదు.

*

మరో రెండు రోజులు చూసి, పొద్దున్నే రేవుకి దిగింది. పడవెక్కడం ఆమెకు కొత్త. ఇన్నేళ్ళూ ఒడ్డున నిలబడి పంపించడమే గాని తాను ఎక్కలేదు. పసుపు నీళ్ళు పడవ పక్కన సుడి తిరుగుతుంటే కళ్ళు మూసుకుంది.

కాళ్ళు పడిపోయినాయన ఇల్లేదని అవతలి రేవులో అడిగితే, కొండ అంచున ఉన్న ఇల్లు చూపించారు. నీలం కోటు ఆవిడ ఇంట్లో వేసుకునే పాత కోటులో, పందికి కుడితి పోస్తూ కనిపించింది. స్వేలాన్‌ను గుర్తుపట్టి మొహం విప్పార్చింది.

"అక్కా! రా, రా. వదినా, ఆ రోజు చెప్పానే, మనల్ని గండం నుంచి తప్పించినావిడ!"

లోపల అరుగు మీద కాళ్ళు పడిపోయిన తండ్రి, పక్కన తల్లి, కిటికీ దగ్గర బూటుకు అట్ట కుడుతూ పిల్ల. పిల్ల పేరు మైహువా. వాళ్ళు పళ్ళూ వేడినీళ్ళూ పెట్టబోతే స్వేలాన్ కూర్చోలేదు.

"నేను చెప్పింది తప్పు," అంది. "ఆ పిల్లాడిలో ఏ దోషమూ లేదు. మీ ఇంటికి వచ్చేస్తాడని నాకు భయమేసింది. నాకు వాడు తప్ప ఎవరూ లేరు. అందుకని అన్నాను."

విప్పారిన మొహం ముడుచుకుపోయింది. "ఎవరు పంపించారు నిన్ను? ఆ అబ్బాయేనా?"

"వాడికి తెలియదు."

"ఆహా. ఆ రోజు నీ కోసం ఒకమాట అన్నావు, ఇవాళ వాడి కోసం ఒకమాట అంటున్నావు. ఏ నాలుకని నమ్మమంటావు? ఒలికిన నీళ్ళు ఎత్తి పోస్తానంటే ఎట్లా?"

"మీ ఇష్టం. నేను చెప్పాల్సింది..."

"బుగ్గయిపోయిన పొలానికి నీళ్ళు పెడుతోంది మహాతల్లి!" అంది వాకబుకి వచ్చిన ఆ మేనత్త, వదినగారితో. తండ్రి గోడవైపు చూస్తున్నాడు.

కిటికీ దగ్గర సూది ఆగింది. మైహువా ఇంతవరకు తలెత్తలేదు. ఇప్పుడు ఎత్తి, స్వేలాన్‌ను తేరిపార చూసింది.

"పెద్దమ్మా, ఇది అతని ఎదుట చెప్పగలవా?"

స్వేలాన్ గుమ్మం వైపు చూసింది.

"అతనే పంపుంటే నువ్వు మా ముందు ఏదైనా చెప్తావు. కాని అతని మొహం చూస్తూ 'నీ పెళ్ళి చెడగొట్టింది నేనే' అని ఎవరూ ఊరికే చెప్పరు. అత్తా, నువ్వు ఈవిడతో పడవెక్కు. ఆవిడ చెబితే విను. చెప్పకపోతే తిరిగొచ్చెయ్యి. ఇంక నేనేం అడగను."

"నీకేమైనా పిచ్చా?" అంది మేనత్త.

"మీరు చూసొచ్చిన మనిషితో కాపురం నేను చెయ్యాలి కదా," అంది పిల్ల. తండ్రి గోడవైపు నుంచి తల తిప్పి, "వెళ్ళిరా," అన్నాడు చెల్లెలితో.

పడవలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. స్వేలాన్‌కు లెక్క తేలిపోయింది. చెప్పకపోతే వాడు ఇక్కడే ఉంటాడు, కావడి మోస్తాడు, గోడెక్కి కబుర్లు చెప్తాడు, లూని తిడుతూ ముసలివాడవుతాడు. చెబితే పడవెక్కుతాడు. ఎక్కేముందు తన మొహం ఇంక చూడకపోవచ్చు. ఎటు చూసినా తాను చెప్పబోయే మాట వాడి కాళ్ళకు చెప్పులు తొడిగి పంపించేదే. నడి ఏట్లో ఒకసారి, పడవ తిప్పమని అడుగుదామా అనిపించింది కూడా. ఆ ఆలోచన తనకి వచ్చిందని పక్కావిడకు తెలిసిపోయినట్టు సిగ్గుపడింది.

*

గెన్‌వాంగ్ మలుపు దగ్గర మెట్టుకు రాయి చెక్కుతున్నాడు. "మర దాకా రా," అంది స్వేలాన్.

"ఆ వెధవ గుమ్మం నేను తొక్కను."

"నేను రమ్మంటున్నాను."

ఆ గొంతు విని లేచాడు. వెనకాల వస్తున్న కొత్త మనిషిని ఒకసారి చూసి, ఉలి చేతిలో పట్టుకునే నడిచాడు.

మర ఆడుతోంది. ఆ పూట ఎవరూ రాకపోయినా, లూ తన ఇంటి జొన్నలే పోసుకుని ఆడించుకుంటున్నాడు. గెన్‌వాంగ్‌ని చూసి కర్ర కోసం చెయ్యి చాపాడు.

"ఆ మాట అన్నది లూ కాదు. నేను," అంది స్వేలాన్.

మర హోరులో ఎవరికీ వినపడలేదు. "ఏంటి పెద్దమ్మా?" అన్నాడు గెన్‌వాంగ్ వంగి. లూ స్విచ్చి కట్టేశాడు. బెల్టు తిరిగి తిరిగి మెల్లగా ఆగింది. ఆమెకు ఎక్కడా దాక్కోవడానికి చోటు లేకుండా పోయింది.

"నీ పెళ్ళి చెడగొట్టింది నేను. ఈవిడ వాకబుకి నా ఇంటికే వచ్చింది. పులి సామెత చెప్పాను. లూ తప్పేమీ లేదు."

లూ భార్య లోపలి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

ముందు లూయే తేరుకున్నాడు. పెద్దావిడ అలా తలవంచుకుని నిలబడటం చూడలేక కాబోలు, "పోనీలే వదినా. మహాత్ములకే తప్పులు తప్పవంటారు..." అన్నాడు.

"వద్దు లూ. సామెత చెప్పకు నాకు. తిట్టాలనుంటే నీ సొంత మాటల్తో తిట్టు."

లూ కాసేపు వెతుక్కున్నాడు. "సొంత మాటలంటే... నా పెళ్ళాం బావికి పోవడం మానేసింది. నా కూతురు బళ్ళోంచి ఏడుస్తూ వస్తోంది. నేను మా అమ్మ మీద ఒట్టు వేసినప్పుడు నువ్వు అదిగో, అక్కడే ఉన్నావు. నన్ను చూస్తూనే సంచి మూతి కట్టుకుంటున్నావు. అంతే."

"అవును," అంది ఆమె. "అక్కడే ఉన్నాను."

గెన్‌వాంగ్ చేతిలో ఉలి అలాగే ఉంది. దాన్ని మర అరుగు మీద పెట్టాడు.

"ఎందుకు పెద్దమ్మా?"

"నువ్వెళ్ళిపోతావని."

"ఉండమని అడగొచ్చు కదా."

"అడిగితే ఉండేవాడివా?"

అతను ఆలోచించాడు. "ఏమో. ఉండేవాడిని కాదేమో," అన్నాడు. "అయినా అడగాల్సింది."

తర్వాత లూ వైపు తిరిగాడు. నడుం పూర్తిగా వంచి నిలబడ్డాడు. లూ "లే, లే" అనేదాకా లేవలేదు. లూ భార్య వైపు తిరిగి కూడా అలాగే వంగాడు. స్వేలాన్ వైపు తిరగలేదు.

మేనత్త గొంతు సవరించుకుంది. "సరే అక్కా. ఆ రోజు అడిగిందే మళ్ళీ అడుగుతున్నా. అతను వింటుండగా చెప్పు. ఎలాంటివాడు?"

స్వేలాన్ పొగుడుదామనుకుంది. బంగారం, ముత్యం లాంటి మాటలు నాలుకదాకా వచ్చి, అవి కూడా ఎవరో తాతలు చెప్పిన మాటలే అనిపించి ఆగిపోయింది.

"కోపం ఉంది," అంది. "ఎప్పుడో గాని రాదు. వస్తే ఎదుటివాడు చెప్పేది వినడు. ఇక్కడ అలాగే చేశాడు. ఆ తర్వాత సిగ్గుపడతాడు. మాటిస్తే చేస్తాడు. తొందరెక్కువ, వేడి గంజి ఊదుకోకుండా తాగి నోరు కాల్చుకుంటాడు. జ్వరమొస్తే ఎవరికీ చెప్పడు. మీరే నుదుటిమీద చెయ్యేసి చూసుకోవాలి. మీ అన్నగారిని మోయాలంటే మోస్తాడు. పోయినేడాది వానల్లో నన్ను వీపున వేసుకుని ఆస్పత్రి దాకా నడిచాడు. దారిలో జారి మోకాలు చీరుకుపోయింది. కట్టు కట్టించుకోలేదు. ఎవరికీ చెప్పనూ లేదు. నాకే ఆ మర్నాడు ప్యాంటు మీద రక్తం కనిపించింది."

ఒక్కో మాటా అంటుంటే పడవను ఒక్కో అడుగు నీళ్ళలోకి తోస్తున్నట్టే ఉంది ఆమెకు. అయినా ఆపలేదు. ఇంకేమైనా ఉందా అని వెతికి వెతికి చెప్పింది.

"చాలక్కా," అంది మేనత్త. ఆవిడ గొంతు కాస్త మెత్తబడింది. "అబ్బాయ్, పడవ ఇంకా రేవులోనే ఉంది. మా అన్న నిన్ను చూడాలి. మిగతాది హావోతో మాట్లాడుకుంటాం. రా."

గెన్‌వాంగ్ చేతుల దుమ్ము దులుపుకున్నాడు. గుమ్మం దగ్గర స్వేలాన్ పక్కగా వెళుతూ ఒక్క క్షణం ఆగాడు.

"ఉలి ఇక్కడే ఉంటుంది. వచ్చి తీసుకుంటాను," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు.

వాళ్ళు దిగుతున్న చప్పుడు వినిపించింది. గుమ్మంలోకి వెళ్ళి నిలబడితే మలుపు దాకా కనిపిస్తారు. స్వేలాన్ కాళ్ళు అటే లాగాయి. ఆ చూపుకి తనకిప్పుడు ఏం హక్కుందని, వెనక్కి తిరిగి గోడకానించి ఉన్న చీపురు తీసుకుంది. మర కింద చిందిన పిండిని ఒక మూలకు ఊడ్వసాగింది.

లూ భార్య దగ్గరికి వచ్చి చీపురు పట్టుకుంది.

"మా మర మేం ఊడ్చుకుంటాంలే," అంది. కోపంగా అనలేదు, ప్రేమగానూ అనలేదు.

చీపురు వదలడానికి స్వేలాన్ చేతికి కాసేపు పట్టింది.